తోటి ఉద్యోగి పేరున చలివేంద్రం పెట్టాలంటే

మాది కరెంటు పని. ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం, అక్కడ సెక్షన్ ఆఫీసు, దాని కింద పదిహేను మందిమి. నాలుగేళ్ళ కిందట ఏప్రిల్‌లో మాతో పనిచేసే అన్న ఒకాయన స్తంభం మీదే పోయాడు. ఎల్‌సీ, అంటే లైను ఆపి పనిచేసేందుకు అనుమతి, తీసుకునే ఎక్కాడు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్, అంటే ఆ వైపు వెళ్ళే లైను, ఆపారు. కరెంటు పోయిందని ఊళ్ళో ఎవరో జనరేటర్ వేశారు, దానికి చేంజోవర్ స్విచ్, అంటే జనరేటర్ కరెంటు బయటి లైనులోకి పోకుండా విడదీసేది, లేదు. ఇంటి కరెంటే అయినా వెనక నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎక్కితే అవతలి వైపు వేల వోల్టులవుతుంది. లైనును భూమికి కలిపే ఎర్త్ రాడ్లు వేసి ఉంటే బతికేవాడు. ఆ రోజు అవి ఎందుకు వేయలేదన్నది వేరే కథ, ఇక్కడ చెప్పను.

పెద్దకర్మ అయ్యాక అందరం ఆఫీసు వెనక కూర్చున్నాం. ఏదో ఒకటి చేయాలి అన్నారు. ఒకరు ఫ్లెక్సీ అన్నారు, ఒకరు క్రికెట్ టోర్నమెంటు అన్నారు, ఇంకొకరు ఆస్పత్రిలో పండ్లు పంచుదామన్నారు. చివరికి చలివేంద్రం పెట్టాం. ఇప్పటికి మూడు ఎండాకాలాలు నడిపాం. మొదటి ఏడాది బాగా తప్పులు చేశాం. మీ ఆఫీసులో, డిపోలో, స్టేషన్‌లో, బడిలో ఎవరైనా పోయి, వాళ్ళ పేరున ఇలాంటిది చేయాలనుకుంటే ఆ తప్పులు మళ్ళీ చేయకుండా ఉంటారని రాస్తున్నాను.

ముందు ఇంటి కాగితాలు

చలివేంద్రం ఎండాకాలంలో పెట్టుకోవచ్చు. కాగితాలకు మాత్రం గడువులుంటాయి. మనిషి పోయిన ఇంట్లో ఆ నెలరోజులు ఎవరికీ బుర్ర పనిచేయదు. మీలో ఫారాలు నింపడం వచ్చినవాళ్ళు ఒకరిద్దరు ఆ పని పూర్తిగా నెత్తిన వేసుకోండి.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు, తిరుగుడూ తగ్గుతుంది. సర్టిఫికెట్ పది కాపీలు తీయించండి, ఎన్ని ఉన్నా చాలవు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో అర్జీ పెట్టించండి. ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు స్టేషన్‌కు మీరే వెళ్ళి తెచ్చివ్వండి. పోయినాయన భార్యను పంపకండి. పీఎఫ్ కట్ అయ్యే ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే మూడు వేర్వేరు క్లెయిములుంటాయి: పీఎఫ్ డబ్బుకు ఫారం 20, పింఛనుకు 10-డి, బీమాకు 5-ఐఎఫ్. ఈ బీమానే ఈడీఎల్‌ఐ అంటారు, గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళకు కూడా పీఎఫ్ ఉంటే ఇది వర్తిస్తుంది. ఆ సంగతి వాళ్ళ ఇళ్ళల్లో చాలామందికి తెలియదు, చెప్పేవాళ్ళూ ఉండరు.

ఇదంతా ఫొటోల్లో పడే పని కాదు. చలివేంద్రం ముహూర్తం మాత్రం ఈ పని ఒక దారిన పడ్డాకే పెట్టుకోండి. మేము మరుసటి ఎండాకాలం దాకా ఆగాం.

ఇంటివాళ్ళను అడగండి

మేము నేరుగా చలివేంద్రం ఆలోచనతో వెళ్ళలేదు. అన్న భార్య, మా వదిన దగ్గర కూర్చుని, "అన్న పేరున ఏదైనా చేద్దామనుకుంటున్నాం వదినా, మీరేం అంటారు?" అని అడిగాం. ఆమె ముందు ఫ్లెక్సీ వద్దన్నది. బస్టాండ్‌లో ఆయన బొమ్మ ఎండకు వెలిసిపోతుంటే రోజూ ఆ దారిన పిల్లల్ని బడికి తీసుకెళ్ళలేనన్నది. మేము అప్పటికే ఫొటో ఎంచి పెట్టుకున్నాం. అడగడం మంచిదైంది.

తర్వాత నీళ్ళ మాట ఆమే ఎత్తింది. ఎండాకాలం లైన్‌మన్ రోజుకు ఏడెనిమిది చోట్ల స్తంభం ఎక్కి దిగుతాడు. దిగాక దగ్గర్లో ఉన్న ఇంట్లో నీళ్ళడుగుతాడు. చాలా ఇళ్ళల్లో చల్లటి నీళ్ళిస్తారు, కూర్చోమంటారు, టీ కూడా పెడతారు. కొన్ని ఇళ్ళల్లో మాత్రం గ్లాసు ఇవ్వరు. "సీసా పట్టు బాబూ, పోస్తాను" అంటారు. ఆ సీసా మాట వెనక ఏముందో అన్నకు తెలుసు, పక్కనున్న మాకూ తెలుసు. అన్న ఏమీ అనేవాడు కాదు. బండికి ఎప్పుడూ రెండు లీటర్ల సీసాలు రెండు తగిలించుకుని వచ్చేవాడు. ఒకటి తనకి, ఒకటి దారిలో ఎవరికైనా. కూలీలు కనపడితే బండి ఆపి, సీసా వాళ్ళ చేతికే ఇచ్చేవాడు.

"పెడితే నీళ్ళు పెట్టండి. అందరికీ ఒకటే గ్లాసు ఉండాలి" అన్నది వదిన. మేము పెట్టుకున్న నియమాలన్నీ ఆ ఒక్క మాటలోంచి వచ్చినవే.

మీ మనిషిది వేరే అలవాటు అయ్యుండొచ్చు. పిల్లలకు లెక్కలు చెప్పేవాడో, రాత్రి డ్యూటీలో అందరికీ టీ తెచ్చేవాడో, ఎవరికి రక్తం కావాలన్నా ముందు పరిగెత్తేవాడో. అది పట్టుకోండి. నీళ్ళతో సంబంధమే లేని మనిషి పేరున, పక్క ఆఫీసువాళ్ళు పెట్టారు కదా అని చలివేంద్రం పెట్టొద్దు.

చోటు

చోటు ఎంచడానికి మ్యాపు చూడకండి. మార్చి చివర్లో ఒక వారం రోజులు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఊళ్ళో నిలబడి చూడండి. బస్సు కోసం ఎవరు ఎక్కడ నిలబడుతున్నారు, ఉపాధి పని నుంచి వచ్చేవాళ్ళు ఏ దారిన నడుస్తున్నారు, ఆటోవాళ్ళు ఏ చెట్టు కింద ఆగుతున్నారు. మేము మొదట మా ఆఫీసు గేటు ముందే పెడదామనుకున్నాం. అక్కడికి వచ్చేది బిల్లు కట్టేవాళ్ళే, వాళ్ళలో సగం మంది ఫోన్లోనే కట్టేస్తున్నారు. అంగడికి పోయే దారిలో బస్సు ఆగే చోట వేపచెట్టు ఒకటి ఉంది. అక్కడ పెట్టాం.

వేప, రావి, చింత, ఏదైనా పెద్ద చెట్టు దొరికితే సగం పని అయినట్టే. లేకపోతే తాటాకు పందిరి వేయండి. రేకులు వేస్తే మధ్యాహ్నానికి కింద కుంపటి పెట్టినట్టుంటుంది. పడమటి వైపు తడిక కట్టి మూసేయండి, రెండింటి తర్వాత ఎండ అటునుంచే కొడుతుంది. మిగతా వైపులు గాలి ఆడేలా వదిలేయండి. ఎండిన తాటాకు బీడీ నిప్పుకు కూడా అంటుకుంటుంది కాబట్టి ఒక బకెట్ ఇసుక పక్కనే ఉంచండి.

ఇక మా వృత్తి మాట. కరెంటు తీగల కింద పందిరి వేయొద్దు. 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైనుకు కట్టడం నిలువున 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు దూరం ఉండాలని నిబంధనల్లో ఉంటుంది. పందిరి విషయంలో ఆ కొలతలు కూడా చూసుకోవద్దు, అసలు లైను కింద వద్దంతే. పొడవాటి ఇనప పైపు నిలబెట్టేటప్పుడు పట్టు తప్పి పక్కకు ఒరిగితే ఆ కొలతలు అక్కరకు రావు. వెదురు బొంగులు వాడండి. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కన నీడ ఉంటుంది, జనం నిలబడతారు కూడా, అక్కడా వద్దు. ఫ్యాను కోసం లైను మీద కొండీ తగిలించాలనే ఆలోచన ఎవరికైనా వస్తే ఈ పని మానేయమనండి.

గ్రామ పంచాయతీకో మున్సిపాలిటీకో ఒక తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చి, ముద్ర వేయించిన కాపీ దగ్గర పెట్టుకోండి. రోడ్డు మలుపులో అయితే పోలీసులకు ఒక మాట చెప్పండి. మాకు ఎవరూ కాదనలేదు. చలివేంద్రానికి అడ్డు చెప్పడం మన ఊళ్ళల్లో పాపం కిందే లెక్క. పాత శాసనాల్లోనే చలిపందిళ్ళకు మాన్యాలిచ్చిన మాటలు కనిపిస్తాయి.

కుండలు

ఇక్కడే మేము బోల్తాపడ్డాం. అన్న పేరు అందంగా ఉండాలని ఆరు కుండలు తెచ్చి, వాటికి ఎనామిల్ పెయింట్ వేయించాం. అడుగున నీలం, పైన తెల్లటి అక్షరాలు. మొదటి రోజు మధ్యాహ్నం నీళ్ళు తాగి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. ఎండ ఎక్కువ కదా అనుకున్నాం. మూడో రోజు కుమ్మరి తాత అటుగా వెళుతూ చూసి నవ్వాడు. "కుండ ముక్కు మూసి చల్లగా ఉండమంటే ఎట్లుంటది బిడ్డా?" అన్నాడు.

మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్ళు చెమటలా బయటికి ఊరి, గాలికి ఆవిరవుతాయి. ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని పట్టుకుపోతాయి. రంగు వేస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అంతే సంగతి. ఆరు కుండలూ తీసేసి మళ్ళీ కొన్నాం. పేరు రాయాలనిపిస్తే చెక్క మీద రాయండి.

కొత్త కుండ తెచ్చిన రోజు రాత్రంతా నీళ్ళలో నాననివ్వండి. కొబ్బరి పీచుతో రుద్ది కడగండి, సబ్బు వద్దు, ఆ వాసన మట్టి పీల్చుకుంటే ఎండాకాలమంతా పోదు. మొదటి రెండు రోజుల నీళ్ళు చెట్టుకు పోయండి. కింద నది ఇసుక నాలుగంగుళాల మందాన పరిచి, కుండ అడుగు అందులో కూరుకునేలా పెట్టి, పొద్దున్నా మధ్యాహ్నం ఇసుక తడపండి. మెడ నుంచి తడి గోనెపట్టా చుట్టండి. ఎంత గాలి తగిలితే అంత చల్లన, కాబట్టి కుండల్ని ఒకదానికొకటి ఆనించి పెట్టొద్దు.

పంపు బిగించిన కుండలే తీసుకోండి. వాటిని ఇటుకల గద్దె మీద పెడితే గ్లాసు పట్టడానికి ఎత్తు సరిపోతుంది. పంపు ఉంటే ఎవరూ లోపల చెయ్యి ముంచరు. మా వైపు పెద్ద రంజన్లు కూడా దొరుకుతాయి. చూడ్డానికి బాగుంటాయి, నింపితే మాత్రం కదపలేం, కడగడం కష్టం. ఇరవై, ఇరవై ఐదు లీటర్ల కుండలే నయం.

వాడిన కొద్దీ నీళ్ళలోని ఉప్పు పేరుకుని రంధ్రాలు పూడిపోతాయి. అందుకే రెండో ఏడాది అదే కుండ అంత చల్లగా ఉంచదు. ఏటా కొత్తవి కొంటాం. శివరాత్రికల్లా చెప్పి ఉంచితే కుమ్మరి తాత మందంగా కాకుండా మాకు కావలసినట్టు చేసిస్తాడు. ఏప్రిల్‌లో పరిగెత్తితే మిగిలినవే దొరుకుతాయి, ధర కూడా ఆయన చెప్పిందే.

ఒక సంగతి. బందరు, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కుండ ఇంత బాగా పనిచేయదు. అక్కడివాళ్ళు మూత గట్టిగా ఉండే స్టీలు డ్రమ్ములు వాడుకోవడం మేలు. ఎక్కడైనా సరే, ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మ తెచ్చి తాగే నీళ్ళలో వేయకండి. ఆ దిమ్మ చేపల పెట్టెల కోసం చేసింది, ఏ నీళ్ళతో చేశారో మనకు తెలియదు.

నీళ్ళు

ఎన్ని నీళ్ళు కావాలో ముందే తేల్చుకోండి. ఒక మనిషి నిలబడి అరలీటరు తాగుతాడు, సీసా ఉంటే ఇంకో లీటరు పట్టుకుంటాడు. సీసా నింపుకునేవాళ్ళను ఆపొద్దు. దూరం నడిచేవాళ్ళే సీసా తెచ్చుకుంటారు. మాకు మామూలు రోజున మూడు వందల లీటర్లు, అంగడి రోజున దానికి రెట్టింపు పట్టింది.

మేము మిషన్ భగీరథ నల్లా నీళ్ళు పొద్దున్నే పట్టి నింపుతాం, చాలకపోతే ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పిస్తాం. బోరు నీళ్ళు మాత్రం పరీక్ష చేయించకుండా వాడొద్దు. నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఎన్ని కాళ్ళు వంకర చేసిందో తెలుసు కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. కాచినా ఫ్లోరైడ్ పోదు. క్లోరిన్ బిళ్ళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే ఇస్తారు. ఎన్ని లీటర్లకు ఎన్నో ప్యాకెట్ మీద ఉన్నట్టే వేసి, అరగంట ఆగి ఇవ్వండి.

రాత్రి మిగిలిన నీళ్ళు పొద్దున పారబోయాలి, దాని మీదే కొత్తవి పోయొద్దు. మూడు రోజులకోసారి కుండ ఖాళీ చేసి లోపల పీచుతో రుద్దాలి, లేకపోతే పాకుడు పడుతుంది. కిందకు కారే నీళ్ళకు చిన్న కాలువ తవ్వి చెట్టు మొదట్లోకి వదిలితే దోమలూ ఉండవు, చెట్టూ బాగుంటుంది.

గ్లాసులు

వదిన పెట్టిన షరతు ఇక్కడ అక్కరకొచ్చింది. చాలా చలివేంద్రాల్లో ఒకరు కూర్చుని, పొడవాటి కాడ ఉన్న గరిటెతో పైనుంచి దోసిట్లో పోస్తారు. ఎంగిలి కాకూడదని అంటారు, నిజమే, కొంత శుభ్రత ఉంది. కానీ ఎవరికి గ్లాసిచ్చారు, ఎవరికి దోసిట్లో పోశారు అన్నదానికి మన ఊళ్ళల్లో వేరే చరిత్ర కూడా ఉంది. హోటళ్ళలో రెండు రకాల గ్లాసులు చూసిన తరం ఇంకా బతికే ఉంది.

మేము నలభై స్టీలు గ్లాసులు కొన్నాం, అన్నీ ఒకే రకం. ఎవరి గ్లాసు వాళ్ళే పట్టుకుంటారు, తాగాక పక్కనున్న బకెట్లో వేస్తారు. ఒక బకెట్లో సబ్బు నీళ్ళు, రెండోదాంట్లో మంచి నీళ్ళు. గ్లాసులకు గొలుసు కట్టమని చాలామంది చెప్పారు. కట్టలేదు. సీజన్‌కు పది దాకా పోతాయి. ఆ లెక్క ముందే ఖర్చులో రాసుకుంటాం. ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై 1 నుంచి నిషేధం, పేపరు కప్పులు సాయంత్రానికి గుట్ట పడతాయి.

మొదటి వారంలో ఒక పెద్దాయన గ్లాసు చేత్తో పట్టుకుని, "ఇది ఇందాక ఎవరు తాగింది?" అని అడిగాడు. కుండల దగ్గర కూర్చోవడానికి మేము పెట్టుకున్న అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసి, "కడిగింది నేను, తాగేది నువ్వు. మధ్యల ఎవరున్నరో నీకెందుకయ్యా?" అన్నది. ఆయన తాగాడు. దాహం అలాంటిది.

మనిషి

ఆ అవ్వ సంగతి చెప్పాలి. మొదట మేమే వంతులేసుకున్నాం, రోజుకిద్దరు. అయిదు రోజులు బాగానే నడిచింది. ఆరో రోజు గాలివాన వచ్చి నాలుగు ఊళ్ళల్లో లైన్లు తెగిపడ్డాయి. అందరం అటు పోయాం. రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే కుండలు ఎండిపోయి ఉన్నాయి, వాటి ముందు అన్న పేరున్న చెక్క వేలాడుతోంది. ఎండలో నడిచొచ్చిన మనిషి ఆ పేరు చదివి, ఖాళీ కుండ చూసి ఏమనుకుని పోతాడో ఊహించుకోండి. అసలు పెట్టకపోయినా ఆ పేరుకు అంత అవమానం జరిగేది కాదు.

అందుకని కూలి ఇచ్చి ఒక మనిషిని పెట్టుకోండి. సేవ కదా, ఊరికే చేస్తారులే అనుకోవద్దు. పొద్దున పది నుంచి అయిదింటి దాకా కూర్చుని, నింపి, కడిగి, ఇసుక తడిపే పని అది. ఉపాధి పనికి ఓపిక లేని పెద్దవాళ్ళు ఊళ్ళో ఉంటారు, వాళ్ళకు ఇది నీడపట్టున దొరికే పని. మేము వారం వారం చేతికిస్తాం. కుర్చీ, మధ్యాహ్నం భోజనం, ఇంటి ముందు దించి రావడానికి ఒక బండి కూడా అందులో భాగమే. మా వంతులు ఇప్పుడు పొద్దున్నే కుండలు నింపడానికి మాత్రమే.

మజ్జిగ, ఓఆర్‌ఎస్, వడదెబ్బ

అంగడి రోజున మజ్జిగ ఇస్తాం. కుండలో పోయకండి, పులుపు మట్టికి పట్టేస్తుంది. స్టీలు డ్రమ్ములో పొద్దున చిలికి, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి, ఆ రోజే అయిపోగొట్టాలి. అన్న పోయిన తేదీన కూడా మజ్జిగే. ఉపన్యాసాలు పెట్టం.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఒక యాభై దగ్గర ఉంచండి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకు సరిపోయేది. దాన్ని సగం గ్లాసులో సగం పొడి అని అందాజుగా కలపొద్దు, ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. కలిపింది 24 గంటల్లో వాడాలి. అట్టడబ్బాల్లో వచ్చే తీపి జ్యూసును ఓఆర్‌ఎస్ అనుకుని ఎవరో దాతలు పెట్టెలకొద్దీ తెస్తారు, తీసుకోవద్దు. ఆ పేరు పెట్టి జ్యూసులు అమ్మడం మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

వడదెబ్బ తగిలిన మనిషి మీ పందిట్లోకి రావచ్చు. మాకు రెండుసార్లు వచ్చారు. మాట తడబడుతున్నా, చెప్పింది అర్థం కాకపోతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది మామూలు దాహం కాదు. ముందు 108కి ఫోన్ చేయండి. నీడలో పడుకోబెట్టి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టి విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చలివేంద్రం దగ్గర ఉండే మనిషికి ఈ నాలుగు మాటలూ ముందే నేర్పించాలి. 2015 ఎండాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది పోయారు. ఎక్కువమంది ఎండన పడి పనిచేసేవాళ్ళూ ముసలివాళ్ళే.

డబ్బు

మనుషులు విడిపోయేది ఇక్కడే కాబట్టి మొదటి రోజే తేల్చుకోండి. మేము నెలకు తలా మూడు వందలు వేసుకుంటాం, బదిలీ అయి వెళ్ళినవాళ్ళు కూడా పంపుతున్నారు. ఒక్కరి ఫోన్ పే నంబరుకే వస్తుంది, ఖర్చు ఇంకొకరు రాస్తారు. వచ్చేచోటు, రాసేచోటు ఒకే చేతిలో ఉండకూడదు.

వినియోగదారుల దగ్గర, కాంట్రాక్టర్ల దగ్గర పైసా తీసుకోవద్దని రాసుకున్నాం. ఇష్టపడే ఇస్తామంటారు. కానీ మీటరు కోసం అర్జీ పెట్టుకున్న మనిషి లైన్‌మన్‌కు చందా ఇస్తే అది ఇష్టమో భయమో ఎవరు చెప్పగలరు? ప్రభుత్వ కొలువుల్లో ఉన్నవాళ్ళందరికీ ఈ మాట వర్తిస్తుంది. ఎవరైనా మరీ పట్టుబడితే క్యాను నీళ్ళు తెచ్చి వాళ్ళే కుండలో పోయమంటాం.

తెరవడం, మూయడం

మొదటి ఏడాది ఒక నాయకుడి కోసం మూడు గంటలు ఆగి రిబ్బన్ కట్ చేయించాం. కుండలు నిండుగా ఉన్నాయి, జనం ఎండలో నిలబడి ఉన్నారు, రిబ్బన్ తెగేదాకా నీళ్ళివ్వకూడదట. సిగ్గేసింది. ఇప్పుడు ఉగాది దాటాక ఒక పొద్దున నింపేస్తాం, మొదట వచ్చినవాళ్ళు మొదట తాగుతారు.

పందిట్లో ఫొటో ఉండే చోట మేము ఒక బోర్డు పెట్టాం. పైన అన్న పేరు చిన్నగా, దాని కింద పెద్ద అక్షరాలతో: "మీ ఇంట్లో జనరేటర్ ఉందా? చేంజోవర్ స్విచ్ పెట్టించండి. లైను మీద మనిషి ఉంటాడు." నీళ్ళు తాగుతూ చదువుతారు. కొందరు అదేంటని అడుగుతారు, ఎవరో ఒకరం చెబుతాం. ఫంక్షన్ హాలు నడిపే ఒకాయన అక్కడికక్కడే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు. మీ మనిషి ప్రమాదంలో పోయుంటే, ఆ ప్రమాదం ఇంకొకరికి జరగకుండా చెప్పే మాట ఒకటి ఉంటుంది. వెతికి రాయండి. మేము కూడా ఆ బోర్డు పెట్టాక, ఎర్త్ రాడ్లు లేకుండా బండి కదిలితే ఎక్కనని చెప్పడం నేర్చుకున్నాం. కొత్తగా వచ్చిన జూనియర్ లైన్‌మన్‌లు అయితే సీనియర్లకే చెబుతున్నారు.

రోహిణి కార్తె దాటేదాకా మూయొద్దు. మే మధ్యలో ఒక వాన పడగానే చాలామంది ఎత్తేస్తారు, అసలు ఎండలు ఆ తర్వాతే. మృగశిర వచ్చి వాన నిలకడగా పడ్డాక కుండలు కడిగి, ఎండబెట్టి, అడిగినవాళ్ళకు ఇచ్చేయండి. మొక్కలు పెట్టుకుంటారు. తాటాకు పశువుల కొట్టం మీదకు పనికొస్తుంది. బోర్డు, గ్లాసులు, బకెట్లు ఒకరి ఇంట్లో భద్రం చేయండి.

చివరగా ఒక కాగితం మీద లెక్క రాసి ఇంటివాళ్ళకు ఇవ్వండి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు నడిచింది, ఏ రోజు ఆగిపోయింది, ఎందుకు. ఆగిన రోజులు దాచొద్దు. పోయినేడు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. వదిన మొత్తం చదివింది, గ్లాసుల లెక్క దగ్గర చిన్నగా నవ్వింది. తర్వాత, "అయిదింటికే మూస్తున్నారు. పెద్దబడి పిల్లలు స్పెషల్ క్లాసులు అయ్యి అయిదుంపావుకు బస్సు దగ్గరికొస్తారు. మావాడు రోజూ చూస్తున్నాడు" అన్నది.

ఈ ఏడాది ఆరింటిదాకా తెరిచి ఉంచుతున్నాం. అవ్వకు ఆ గంటకు కూలి పెంచాం.